అద్దం పలక

మావాడు ఈ ఏడు ఆరో తరగతిలోకి వచ్చాడు. బడి తెరిచిన పదిరోజులకు వాళ్ళ స్కూలునుంచి ఒక కబురు వచ్చింది. చీటీ కాదు లెండి, చీటీల కాలం ఏనాడో పోయింది, ఫోనులోకి వచ్చింది. దసరా సెలవులు కాగానే ఆరు మొదలు పై తరగతులవారికి పుస్తకాల మోత ఉండదట. పిల్లవాడికొక టాబ్లెట్ స్కూలువారే ఇప్పిస్తారట. పాఠం అందులోనే, ఇంటిపని అందులోనే, పరీక్ష అందులోనే. ఖరీదు మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు. తల్లిదండ్రుల అభిప్రాయం తెలుసుకోవడానికి వచ్చే శనివారం సమావేశం.

"మంచిదేగా! వాడి వీపుమీద ఆ సంచీ చూస్తే నాకు నడుము నొప్పి పుడుతుంది" అన్నారు మావారు. మావాడు సోఫామీదనుంచి ఒక్క గెంతు గెంతాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

నా భయానికి కారణం లేకపోలేదు. ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. అడిగితే నోటితో చక్కగా చెబుతారు. కాగితం మీదికి వచ్చేసరికి 'విద్యార్థి'లో వత్తు ఎగిరిపోతుంది. 'కృతజ్ఞత' నాలుగు వేషాల్లో కనిపిస్తుంది. ళ ఉండవలసినచోట ల, ష ఉండవలసినచోట స. ఒకసారి ఒక అమ్మాయిని పిలిచి ఇదేమిటమ్మా అని అడిగాను. "ఫోనులో అయితే కరెక్టుగానే వస్తుంది మేడం" అన్నది అమాయకంగా. నిజమే, వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగుమాట కొడితే ఫోనే దాన్ని తెలుగు చేసి, ఇదా, అదా అని మూడు మాటలు చూపిస్తుంది. పిల్ల వాటిలో ఒకటి ఏరుకొంటుంది. ఏరుకోవడం వేరు, వ్రాయడం వేరు. ఏరుకోవడానికి మాటను గుర్తుపడితే చాలు. వ్రాయడానికి ఆ మాట మన లోపల ఉండాలి.

పాపమంతా ఫోనుమీదికే నెట్టడం కూడా న్యాయం కాదు. కాపీ వ్రాయించడం బడులు ఎప్పుడో మానేశాయి. తెలుగంటే మార్కులకోసం బట్టీ పట్టే వస్తువు అయిపోయింది. అయినా సరే, సమావేశంలో లేచి గట్టిగా ఎదిరించాలని ఆ రాత్రే నిశ్చయించుకొన్నాను. ఉపన్యాసం అంటారా, అది మా వృత్తే గదా!

కాని శనివారం లోపల ఇంట్లోనే ఇద్దరు మనుషులు నా ఉపన్యాసాన్ని సగానికి సగం పాడుచేశారు. ఒకరు మా నాన్న. రెండవది మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు.

నేను పుట్టింది తెలంగాణ పల్లెలో, మెట్టింది గుంటూరు. నాన్న ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యారు. కంటి శుక్లాల ఆపరేషనుకని మా ఇంట్లో ఉన్నారు. నల్లద్దాలు పెట్టుకొని వరండాలో కూర్చుని నా గోడంతా విని, "గిది నాకు కొత్తగాదు బిడ్డా. నా బడికి ఆకాశంకెల్లి పాఠాలు దిగినయి" అన్నారు.

హాస్యానికి అన్నమాట కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఒక్క సంవత్సరం, మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. సైట్ అనేవారు దాన్ని. అమెరికావారు ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మనకు ఏడాదిపాటు ఎరువిచ్చారు. విక్రం సారాభాయి కన్న కల అది. చూడడానికి ఆయన లేరు, 1971లోనే పోయారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టెలివిజన్ పెట్టెలు పెట్టారు. ఆ పెట్టెలు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైనవి. కోళ్ళగూటికి కట్టే తీగెవల ఉంటుందే, అటువంటి వలతోనే పదడుగుల గొడుగు చేసి ఆకాశంవైపు తిప్పిపెట్టారు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలమీద నడిపారు. పొద్దునపూట బడిపిల్లలకు తెలుగులో ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం వచ్చేది. మా నాన్న అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్ర పంతులు.

"మొదటివారం పక్క ఊరి పోరగాండ్లు గూడ వచ్చి కూసున్నరు. నా బడిల అంతమందిని అంతకుముందు సూడలే, ఆ తర్వాత గూడ సూడలే" అన్నారు నాన్న. "ఒకనాడు సముద్రం సూపెట్టిండ్రు. మా ఊరోళ్ళకు చెరువు దప్ప ఏం ఎరుక? ఒక పిలగాడు లేచి, సారూ గా నీళ్ళకు అవతలి గట్టు యాడుంది అని టీవీని అడిగిండు. నన్ను గాదు, టీవీని! అదేం చెప్తది? అది మాట్లాడుతది గని, మాట వినదు గద. అది బందైనంక ఆ పిలగాడు నా దిక్కు సూసిండు. గప్పుడు మొదలైంది పాఠం."

"మీరేం చెప్పారు?"

"ఏం జెప్త? నేను గూడ సముద్రం సూడలేదప్పటికి. అందరం కలిసి భూగోళం పటం తీసినం."

నాన్న చెప్పిన ఇంకొక మాట కూడా వ్రాయాలి. తాను పక్కన ఉండి, చూసినదాన్నిగురించి పిల్లలచేత మాట్లాడించిన రోజున వాళ్ళకు ఏదో ఒకటి మిగిలేదట. పెట్టె ఉన్నది గదా అని తాను హాజరుపట్టీలు పూర్తిచేసుకొన్న రోజున, బొమ్మ ఆగగానే పిల్లలు లేచి దుమ్ము దులుపుకొని పోయేవారట. ఏడాది కాగానే ఉపగ్రహం తన దారిన తాను తరలిపోయింది.

ఈ మాటలు నా పక్షానికి బలమే అనుకొని సంతోషించాను. మరునాడు పొద్దున ఆ సంతోషం కాస్తా పోయింది.

మా పనిమనిషి కూతురు ఇప్పుడు ఇంటరు చదువుతున్నది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ళ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా టాబ్లెట్లు పంచినప్పుడు ఆ పిల్లకూ ఒకటి వచ్చింది. ఆరోజు తల్లికి జ్వరమని గిన్నెలు తోమడానికి తానే వచ్చింది. మా గొడవ చెవినిపడి, "మంచిదేనండీ అమ్మగారూ అది" అన్నది మెల్లిగా.

"ఏం మంచి చేసిందే నీకు?"

"లెక్కలండీ. సమీకరణాలు నాకు ఎక్కేవి కావు. మేష్టారు ఒకసారి చెబుతారు, రెండోసారి చెబుతారు. మూడోసారి అడగాలంటే క్లాసులో నవ్వుతారని సిగ్గు. అందులో అయితే రాత్రి ఆపి ఆపి ఏడుసార్లు పెట్టుకొన్నాను. అది కోప్పడదుగా."

ఆ పిల్ల ఇంట్లో లెక్కలు చెప్పగలవాళ్ళు లేరు, ట్యూషనుకు డబ్బు లేదు. మా ఇంట్లోనేమో ఇద్దరం ఎమ్మేలం. ఆ అద్దం పలక నా కొడుక్కి ఒక వస్తువు, ఆ పిల్లకు వేరొక వస్తువు. ఇన్నాళ్ళూ ఈ సంగతి నాకు తట్టకపోవడానికి సిగ్గుపడ్డాను.

అయితే ఆ పిల్ల ఆ పాఠం విని ఊరుకోలేదు. "విన్నప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుందండీ. తరవాత నోటుబుక్కులో చేస్తే రాదు. రాకపోతే మళ్ళీ పెట్టుకొనేదాన్ని" అన్నది. ఈ ఒక్కమాట చుట్టూ ప్రపంచంలో ఎంత పరిశోధన నడిచిందో ఆ వారమంతా కూర్చుని చదివితేగాని నాకు తెలియలేదు.

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉన్నది. అక్కడి ప్రభుత్వం పేదపిల్లలకు ఎనిమిదిన్నర లక్షల చిన్న కంప్యూటర్లు పంచింది. 319 పల్లె బడులను తీసుకొని, కంప్యూటర్లు వచ్చిన బడులనూ రాని బడులనూ పోల్చి చూచారు. 2012లో ఫలితాలు బయటపెట్టారు. లెక్కల్లోనూ, భాషలోనూ తేడా ఏమీ కనిపించలేదు. పిల్లలు కంప్యూటరు వాడడం నేర్చుకొన్నారు, ఆలోచనా చురుకుదనంలో కొంత మెరుగు కనిపించింది. చదువు మాత్రం ఎక్కడిదక్కడే. వస్తువు ఇచ్చారు. దానితో ఏ పాఠం ఎలా చెప్పాలో ఆలోచించిన నాథుడు లేడు.

మన ఢిల్లీలో జరిగిన కథ దీనికి తలకిందులు. కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు జరిపిన ఈ పరిశోధన 2019లో అచ్చయింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే ప్రభుత్వ పాఠశాలల పిల్లలు. మొదట వాళ్ళకు నిజంగా ఎంత వచ్చునో కొలిచారు. ఆరో తరగతి పిల్లవాడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నాడు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులు! అంటే తొమ్మిదో తరగతి బెంచీమీద కూర్చున్నవాడి బుర్ర ఇంకా నాలుగూ అయిదుల మధ్య ఉన్నదన్నమాట. మేష్టారు తొమ్మిదో తరగతి పాఠమే చెప్పాలి, సిలబస్ అది. వాడు వినాలి; వాడి రాత అది.

లాటరీ వేసి కొందరిని బడి వదిలాక ఒక కేంద్రానికి రప్పించారు. అక్కడి కంప్యూటరు పిల్లవాడికి వచ్చినచోటునుంచే ప్రశ్నలు మొదలుపెడుతుంది. తప్పు చెబితే ఆ తప్పు ఏ రకానిదో పట్టుకొని దాన్నిబట్టి తరవాతి ప్రశ్న ఇస్తుంది. నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు నేర్చుకొన్నది, లాటరీ తగలని పిల్లలు నేర్చుకొన్నదానికి లెక్కల్లోనూ హిందీలోనూ కూడా రెండింతలకు మించి ఉన్నది. కాని ఒక్క విషయం గమనించండి: ఆ గంటన్నరలో కంప్యూటరు ముందు గడిపేది ముప్పాతిక గంటే. మిగతా ముప్పాతిక గంట పది పదిహేనుమందికి ఒక మనిషి కూర్చుని చదువు చెప్పేవారు.

మా నాన్నగారి టీవీ మాట వినలేదు. ఇది కొంత వింటుంది. తేడా అక్కడున్నది.

మరి మావాడి క్లాసులో ఇప్పటికే ఉన్న తెరమీద ఏం జరుగుతున్నదో చూద్దామని, ఇంట్లో ఫోనులో వాడు చేసే 'క్విజ్' దగ్గర కూర్చున్నాను. ప్రశ్న వస్తుంది, కింద నాలుగు జవాబులు. మావాడు ప్రశ్న సగం చదివి ఒకటి నొక్కుతాడు. ఎరుపు. ఇంకొకటి నొక్కుతాడు. మళ్ళీ ఎరుపు. మూడోది ఆకుపచ్చ, చప్పట్లు, మూడు నక్షత్రాలు. పది ప్రశ్నలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. "ఈ అయిదోదానికి ఇదే జవాబు ఎందుకయిందిరా?" అంటే, "గ్రీన్ వచ్చిందిగా అమ్మా!" అన్నాడు. ఆ పిల్ల అద్దం పలకను ఆపి ఆపి వాడుకొన్నది. మావాణ్ణి అది ఆగనివ్వడం లేదు.

ఇక చేతివ్రాత సంగతి. ఇక్కడ నాకు పక్షపాతం ఉన్నదని ముందే చెప్పేశాను గనుక ఇతరులు చెప్పినదే చెబుతాను. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కారిన్ జేమ్స్ అనే ఆవిడ ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లలచేత కొన్ని అక్షరాలు స్వయంగా వ్రాయించింది, కొన్ని చుక్కలమీద దిద్దించింది, కొన్ని మీటలు నొక్కించి కొట్టించింది. తరవాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడును యంత్రంలో పరిశీలించింది. చదివేటప్పుడు పనిచేసే భాగాలు, పిల్లలు స్వయంగా వ్రాసిన అక్షరాలకే బాగా మేలుకొన్నాయి. 2012లో వచ్చిన పరిశోధన ఇది. దిద్దినవాటికి కూడా అంత లేదు సుమండీ! ఇది చదివి వినిపిస్తే నాన్న నవ్వారు. "మూడు దినాలు దిద్దిపిచ్చి, నాలుగోనాడు చెరిపేసి రాయమంటుంటిమి. అందుకే గద" అన్నారు.

నార్వేలో ట్రాండ్‌హైమ్ విశ్వవిద్యాలయంవారు 2024లో ప్రచురించిన పరిశోధన మరొకటి. 36 మంది విద్యార్థుల తలలకు 256 సెన్సర్లున్న వల తొడిగి, మాటలు వ్రాస్తున్నప్పుడూ, ఒక వేలితో మీటలు కొడుతున్నప్పుడూ మెదడును గమనించారు. వ్రాసేటప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య రాకపోకలు చాలా ఎక్కువగా కనిపించాయి. దీనివల్ల మార్కులు పెరుగుతాయా లేదా అన్నది వారు కొలవలేదు. అంతవరకు లాగడం తప్పు. నన్ను ఆపింది వేరే విషయం. ఆ విద్యార్థులు వ్రాసింది కాగితంమీద కాదు, తెరమీదే, తెరమీద వ్రాసే కలంతో! అంటే గొడవ అద్దానికీ కాగితానికీ కాదు. చెయ్యి కదిలిందా లేదా అన్నది ప్రశ్న.

ఆలోచిస్తే పలక కూడా ఒకనాడు కొత్త యంత్రమే. నాన్న వీధిబడిలో ఇసుకలో వ్రాసుకొన్నారు. నేను మార్కాపురం పలకమీద బలపంతో వ్రాసుకొన్నాను. ఆ ఇసుకకూ ఒక చరిత్ర ఉన్నది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడికి ఆండ్రూ బెల్ అనే దొర అధికారిగా వచ్చాడు. మన వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు వ్రాయడం చూచి ముచ్చటపడి తన బడిలోనూ అలాగే చెప్పమన్నాడు. ఉపాధ్యాయులు అది కుదరదన్నారు. అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణొకణ్ణి పిలిచి, చిన్నపిల్లలకు అలా నేర్పమని అప్పగించాడు. నేర్పాడు! దానిమీద బెల్ 1797లో లండనులో పుస్తకం అచ్చువేశాడు. తరవాత ఇంగ్లండు బడుల్లో ఇసుకబల్లలు వెలిశాయి. ఖర్చులేని సాధనమని దాన్ని మెచ్చుకొన్నారు. కాని పక్కన కూర్చుని "కాదురా, ఇలా తిప్పు" అన్న ఆ ఎనిమిదేళ్ళవాడి సంగతి నాకెంతో ముఖ్యంగా తోచింది.

శనివారం వచ్చింది. సమావేశం హాలులో ఏసీ, వెనక గోడనిండా తెర, మాకందరికీ సమోసా, టీ. ప్రిన్సిపాల్ గారు చదువుకొన్న మనిషి, మర్యాదస్తురాలు. నేను లేచి అడిగాను. పిల్లవాడు తప్పు నొక్కితే ఆ తప్పు ఏ ఉపాధ్యాయుడు చూస్తాడు? ఎంతమంది పిల్లలకు ఒకరు చూస్తారు? రోజుకు ఎన్ని పంక్తులు చేత్తో వ్రాస్తాడు? ఆ వస్తువు రాత్రి ఇంటికి వస్తుందా?

ఆమె తడుముకోలేదు, బుకాయించలేదు. "నిజం చెప్పనా మేడం? లెక్కలకు మంచి టీచరు దొరకడం లేదు. దొరికినా నిలవడం లేదు. పాఠం అందులో ఉంటే కనీసం పాఠం ఆగదు" అన్నారు. నా ఉపన్యాసంలో దీనికి జవాబు లేదు. జీతమెంత ఇస్తున్నారని అడగవచ్చు. సమోసా తింటూ అడిగే ప్రశ్న కాదది.

స్వీడన్ సంగతి ఎత్తాను. బడుల్లో తెరలు ముందుగా తెచ్చినవారిలో వాళ్ళొకరు. 2023లో అక్కడి ప్రభుత్వమే మళ్ళీ అచ్చుపుస్తకాలు కొనడానికి ఆ ఒక్క ఏడాదికి 68 కోట్ల 50 లక్షల క్రోనాలు కేటాయించింది. వెనకనుంచి ఒక తండ్రి, "స్వీడన్‌లో ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళుంటారండీ. మావాడు ఇంగ్లీషు పలకడం తెరలోనే నేర్చుకొన్నాడు" అన్నారు. ఆయనకు కిరాణాకొట్టు. ఆయన మాటలో తప్పేమున్నది?

తరవాత మూలగా కూర్చున్న ఒకావిడ లేచారు. "మా పాపకు చూపు తక్కువండీ. ముందు బెంచీలో కూర్చున్నా బోర్డు కనిపించదు. టాబ్లెట్ అయితే అక్షరం పెద్దది చేసుకొని చదువుతుంది. మీరు వద్దంటే దానికి ఏదండీ దారి?"

హాలంతా నావైపు చూచింది. ఇంట్లో నల్లద్దాల నాన్న జ్ఞాపకం వచ్చారు. "వద్దనడం లేదండీ" అన్నాను. మూడురోజులు కూర్చుని తయారుచేసుకొన్న ఉపన్యాసం ఈ నాలుగు ముక్కలయింది.

గంటన్నర వాదించుకొని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. టాబ్లెట్ వస్తుంది, కాని బడిలోనే ఉంటుంది. చూపు తక్కువైన పిల్లలు మాత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. తెలుగుకూ లెక్కలకూ ఎనిమిదో తరగతి దాకా నోటుపుస్తకం ఉండితీరాలి. వారానికి ఒకసారి టీచరు తప్పులజాబితా చూచి, వెనకబడినవాళ్ళను విడిగా కూర్చోబెట్టాలి. ఈ మూడోది ఎంతవరకు జరుగుతుందో నాకు అనుమానమే. ఖరీదు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

మావాడు రెండురోజులు నాతో మాట్లాడలేదు. "మీ అమ్మవల్లే మనకు కాపీలు" అని వాళ్ళ క్లాసు మొత్తం వాడిమీద పడిందట. తాతయ్య ఒక్కరే వాడి పక్షం. వాడు ఫోనులో వార్తాపత్రిక పెట్టి, అక్షరాలు వేలితో పెద్దవి చేసి ఆయనకు చూపించేవాడు. ఆయన పైకి చదివేవారు. "ఇది బాగనే ఉందిరా" అని మనవడిదగ్గర ఒప్పేసుకొన్నారు. నేను వినలేదనుకొన్నారు.

కన్ను బాగుపడి నాన్న ఊరికి వెళ్ళిపోయాక, మావాడిచేత ఒక కార్డు వ్రాయించాను. సగం పేజీకి ముప్పావుగంట పట్టింది. "తాతయ్యకు ఫోను చేస్తే అయిపోయేదిగా" అని మధ్యలో నాలుగుసార్లు అన్నాడు. పోస్టుడబ్బా ఎక్కడుందో వెతకడానికి మావారికి ఇంకొక అరగంట పట్టింది.

పదోరోజున జవాబు వచ్చింది. నాన్న కొత్తగా ఏమీ వ్రాయలేదు. మావాడి కార్డునే కవరులో పెట్టి తిప్పి పంపించారు. మూడుచోట్ల వత్తులు ఎర్రసిరాతో దిద్ది, కింద 'మళ్ళీ వ్రాయుము' అని సంతకం చేశారు.